మొదటి బంతిలో మొగులయ్య

శామీర్‌పేటలో తమ్ముడు శేఖర్ కొత్తింటి దావత్ అంటే బాలనర్సమ్మకు సంతోషం కలగాలి. కలగలేదు సరికదా, గుండెల్లో రాయి పడింది. దావత్ అంటే ముందు సీసాలు, ఎప్పటికో అన్నం. రెండు నెలలుగా చుక్క ముట్టని మొగుడు మొగులయ్య ఆ సీసాల మధ్య నిలబడతాడా?

మందు మాన్పించడానికి మేడ్చల్ డాక్టరమ్మ మాత్రలు రాసిస్తూ ఒక మాట చెప్పింది. "కడుపు ఖాళీగుంటే ఆకలి పుట్టించే హార్మోన్ ఊరుతది. అది కొందరికి బువ్వనే కాదు, మందును గూడ యాదికి తెస్తది. మాత్రలు మానకు, ఆకలి మీదుండకు."

అంతే, జీడిమెట్లలో మొగులయ్య షిఫ్టు వదిలే వేళకు కంపెనీ గేటు ముందు బాలనర్సమ్మ డబ్బాతో ప్రత్యక్షం. వైన్స్ దాటేలోపు మొగుడి కడుపులో జొన్నరొట్టెలు పడాల్సిందే. తోటివాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ, వాళ్ల సొమ్మేం పోయింది?

దావత్ రోజు ఇంటి వెనక టెంటు కింద మగవాళ్లు సీసాలు తెరిచారు. శేఖర్ వచ్చి బావ చెయ్యి పట్టుకున్నాడు.

"రా బావా, ఒక్క పెగ్గు. కొత్తిల్లు, కాదనొద్దు."

మొగులయ్య సీసాల వైపు చూశాడు. బాలనర్సమ్మ నోరు తెరవబోయి ఆగింది. ఎన్నాళ్లని తనే అడ్డం నిలబడుతుంది?

"మస్తు ఆకలైతాందిరా, ముందుగాల బువ్వ దింట" అన్నాడు మొగులయ్య.

మొదటి బంతి ఆడవాళ్లది, పిల్లలది. పోయి వాళ్ల మధ్యే కూర్చున్నాడు. ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. వంట బక్కయ్య బగారన్నం, మేక పేగుల బోటి కూర వడ్డించాడు. మొగులయ్య అడిగి మరీ వేయించుకున్నాడు. శేఖర్ గ్లాసుతో మళ్లీ వచ్చేసరికి బ్రేవుమని త్రేన్చాడు.

"ఇగ కడుపుల జాగ లేదురా. మీరు దాగుండ్రి. బోటి మాత్రం ఒడిసింది."

"ఒడిసిందా!" అని శేఖర్ కూర గంజు దగ్గరికి ఉరికాడు. మందులో నంజుకు బోటి లేదని టెంటు కింద లబోదిబోమన్నారు. బంతి బంతంతా పగలబడి నవ్వింది.

బాలనర్సమ్మ మాత్రం నిలబడే ఉంది. అలవాటు మరి. పుట్టింటి దావత్‌లన్నిటిలో మొగుడు టెంటులోంచి లేచేదాకా కాచుకుని, చివరికి అడుగున మిగిలిన చల్లటి పులుసుతో తిన్నది.

"ఏందే చూస్తున్నవ్? కూసో" అని మొగులయ్య పక్కకు జరిగి ఆకు వేశాడు. తన ఆకులోని బోటి ముక్కలు తీసి అందులో పెట్టాడు. బక్కయ్య పొగలు కక్కే అన్నం వేశాడు.

ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమైందా?"

"కాదయ్యా" అంది బాలనర్సమ్మ. "ఉడుకుడుకుగున్నది."