ఓరాయ్ అన్నదెవరు

మా పెళ్ళయి నలభై రోజులు. పొద్దున ఐదున్నరకి ఆడి, ఎనిమిదింటికి ఆఫీసులకి పరిగెత్తే మా రేవు ఊరి బేస్‌బాల్ లీగ్‌లో మా ఆయన షుంపే రెండో, మూడో బేస్‌ల మధ్య కాపలా కాసే షార్ట్‌స్టాప్. స్కోరు పుస్తకం నాది. ఆయన పేరు రాయడానికి ప్రత్యేకంగా ఒక పెన్సిల్ చెక్కి పెట్టుకున్నాను.

పోయినేడాది ఫైనల్లో ఆయన తేలికైన క్యాచ్ ఒకటి వదిలేశాడు. ఎవరో "ఓరాయ్" అని అరిస్తే ఆగానన్నాడు. బంతి నాది, తప్పుకోండి అని చెప్పడానికి ఇక్కడ అరిచే మాట అది. జట్టులో ఒక్కరూ నమ్మలేదు. నేను నమ్మాను. పెళ్ళి తర్వాత వేడినీటి బుగ్గలకి వెళ్తూ రైల్లో లీగ్ నియమాలన్నీ చదివి, ఒక పేజీలో చాక్లెట్ కాగితం పెట్టుకున్నాను.

ఈ ఏడాదీ ఫైనల్లో మాకు ఎదురుపడింది చేపల మార్కెట్ జట్టే. చివరి ఇన్నింగ్స్. మాది ఒక్క పరుగు ఆధిక్యం. ఇంకొక్క అవుట్ చాలు. వాళ్ళ రన్నర్లు రెండో బేస్‌లో ఒకరు, మూడో బేస్‌లో ఒకరు. బంతి పైకి లేచింది. ఆయన వెనక్కి పరిగెత్తి చేయి చాచాడు.

"ఓరాయ్..."

ఆయన ఆగిపోయాడు. బంతి గడ్డిలో పడింది. రన్నర్లిద్దరూ హోమ్‌కి చేరి రెండు పరుగులు చేసేశారు, గెలుపు వాళ్ళదైపోయింది.

"మళ్ళీ అదేనా షుంపే?" అన్నాడు వెనక నుంచి వచ్చిన కెప్టెన్ ఇమురా.

"ఓరాయ్ అన్నది నువ్వు కాదా?"

"నేను నోరే తెరవలేదురా. పోయినేడాదీ ఇదే కథ చెప్పావు."

నేను నియమాల పుస్తకం పట్టుకుని పరిగెత్తాను. "ఇమురా గారూ, ఇది చూడండి. ఎదుటి జట్టు మాటతో ఫీల్డర్‌ని మోసం చేస్తే బ్యాటర్ అవుట్. మైదానం వదలకముందే కెప్టెన్ అడగాలి."

ఇమురా పేజీ చదివి, చాక్లెట్ కాగితాన్ని ఒకసారి చూసి, అంపైర్ దగ్గరికి నడిచాడు. అంపైర్ నగాసే గారిది మార్కెట్‌లో స్క్విడ్ కొని ఎండబెట్టి అమ్మే వ్యాపారం.

మూడో బేస్ పక్కన నిలబడ్డ వాళ్ళ కోచ్ కురాతా చేతులు కట్టుకున్నాడు. మార్కెట్‌లో వేలంపాట పాడేది ఆయనే. "ఎవరి గొంతో ఎలా తెలుస్తుందండీ? అరిచేవాళ్ళు వందమంది."

"పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున్నే నీ పాట వింటున్నాను కురాతా," అన్నారు నగాసే గారు. "చివర అలా సాగదీసేవాడు ఈ రేవు మొత్తానికి నువ్వొక్కడివే. నా చేత స్క్విడ్‌కి ఎక్కువ పెట్టించింది ఆ సాగదీతే." చేయి పైకెత్తారు. "బ్యాటర్ అవుట్. ఆట ముగిసింది."

చేపల మార్కెట్ జట్టే ముందుగా పగలబడి నవ్వింది. కురాతా టోపీ తీసి మా ఆయన ముందు తల వంచాడు.

"పోయినేడాది కూడానా?" అడిగాను.

"అప్పుడు ఇంకా బాగా అరిచానమ్మా."

ఇమురా నా చేతిలోంచి పెన్సిల్ తీసుకున్నాడు. స్కోరు పుస్తకంలో పోయినేడాది ఫైనల్ పేజీ తిప్పి, మా ఆయన పేరు పక్కనున్న తప్పు గుర్తు కొట్టేశాడు. దాని మీద కురాతా పేరు రాశాడు.

మా ఆయన ఆ రోజు చెవి వెనక మట్టి కడుక్కోకుండానే ఆఫీసుకి వెళ్ళాడు. గెలిచిన ఆట మట్టి కదా, ఉండనీ అని నేను చూసి కూడా చెప్పలేదు.