కడగని కుండ

నది ఒడ్డున మేం తవ్వుతున్న పాత ఊరు యుద్ధంలో నాశనమైందని పురావస్తు శాఖ సార్ పన్నెండేళ్లుగా చెబుతున్నారు. ఇంతవరకూ ఒక్క కత్తి దొరకలేదు, ఒక్క బాణం ములికి దొరకలేదు. అదే అడిగితే, శత్రువులు పోతూ పోతూ ఏరుకుపోయారంటారు. అంత పొదుపరి సైన్యం ఇంకెక్కడా ఉండదంటుంది మా పెద్దమ్మ, ఆయన అటు వెళ్లాక.

మా ఇద్దరిదీ కడిగే పని. గోతిలోంచి పైకొచ్చిన పెంకులు, కుండలు బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, అంకెలు వేసి గోదాములో సర్దాలి. పెంకు మీద మట్టి కనబడితే సార్‌కి ఒంటి మీద తేళ్లు పాకినట్టుంటుంది.

మొన్న వరదకి గోదాములో నడుములోతు నీళ్లు చేరాయి. తీశాక చూస్తే, ఇన్నేళ్ల మా తోముడంతా మళ్లీ మొదటికొచ్చింది. పైఅరలో ఉన్న ఒక్క కుండకే తడి తగల్లేదు. వరదకి ముందురోజు అడుగు పొరలోంచి తీసిన కుండ అది. ఇంకా కడగలేదు.

"మధ్యాహ్నం పెద్ద అధికారి వస్తున్నారు. ఎక్కడా మట్టి మరక కనబడకూడదు. ఆ కుండ కూడా కడిగేయండి," అని సార్ హడావిడి పెట్టారు.

నేను పారతో చెక్కుతుంటే నేల మీది బురద పెచ్చులుగా లేచింది. అడుగున గరుకు ఇసుక, పైన వెన్నలాంటి ఒండ్రు, మధ్యలో ఆవగింజంత నత్తగుల్లలు. ఎందుకో ఆ కుండ దించి లోపలికి చూశాను. అదే ఇసుక, అదే ఒండ్రు, అవే గుల్లలు. మూడు వేళ్ల మందాన ఎండి ఉన్నాయి.

పెద్దమ్మ బకెట్టు దగ్గరికి లాక్కుంది. "ఇలా తే."

"ఇవ్వను."

"ఏంటే?"

"ఊరిని ముంచింది నదే, పెద్దమ్మా. సాక్ష్యం ఇందులో ఉంది. కడిగితే అదీ పోతుంది."

సార్ చెవిన పడనే పడింది. "నువ్వెంత చదివావు?"

"పల్లెటూరి బడిలో పదో తరగతి సార్."

"ఈ యుద్ధం మీద నేనెన్ని పుస్తకాలు రాశానో తెలుసా?"

"నాలుగు సార్. తడిసిపోతే ఆరబెట్టింది నేనే."

పెద్దమ్మ నవ్వాపుకోలేక దగ్గింది. "దీనికి నోరుందని నాకే తెలీదు సార్."

ఆయన కుండలోకి, నేల మీది పెచ్చుకేసి మార్చి మార్చి చూశారు. గొంతు తగ్గించి, "మరి ఇన్నేళ్ల కుండల్లో మట్టి ఏం చేశారు?" అన్నారు.

"మీరు కడగమన్నారు, కడిగాం. ఆ నీళ్లు నదిలో పోశాం. దాని మట్టి దానికే ఇచ్చేశాం," అంది పెద్దమ్మ.

బయట జీపు ఆగింది. అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చి, నా చేతుల్లోకి చూసి మొహం చిట్లించారు. "ఇదేంటి, ఇంకా కడగలేదా?"

నేను కుండని గుండెకి హత్తుకున్నాను. సార్ నావైపు చూశారు, బకెట్టు వైపు చూశారు.

"కడగడమా!" అంటూ అధికారి మీద ఇంతెత్తున లేచారు. "ఇలాంటివి ఎవరైనా కడుగుతారా అండీ?"