బ్రేకు పెడల్‌కి కుట్టుమిషన్ నూనె

కోడలు కారు రేసులు ఆడుతుందని తెలిసినప్పుడు మామగారికి మొదట గుండె జారింది. ఆ కారు గది దాటి బయటికి రాదని తెలిశాక కుదుటపడ్డాడు. బల్లకు బిగించిన స్టీరింగు, ఎదురుగా తెర, కాళ్ల దగ్గర ఇనప పలక మీద మూడు పెడళ్లు. కారంటే అంతే. నలభై ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న మనిషి కాబట్టి ఆయన తెర వంక చూడనే లేదు. వంగి, పెడళ్ల వెల్డింగు మీద గోరు పెట్టి లాగి చూశాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. "ఎవడోగానీ మనసుపెట్టి చేశాడు," అన్నాడు. అంత మెప్పు ఆయన నోట ఇల్లాలి వంటకి కూడా ఎన్నడూ రాలేదు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఊరుకుంటే ఆయన మామగారెలా అవుతాడు? బ్రేకు తొక్కినప్పుడల్లా సన్నగా కీచుమనేది. కోడలు పట్టించుకోలేదు. ఈయనకి ముద్ద దిగేది కాదు. పైగా ఆ అమ్మాయి ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైనా ఆయన్ని ఒక్క పనీ అడగలేదన్న బాధ ఒకటి లోపల ఉండనే ఉంది. సోమవారం ఆమె ఆఫీసుకి వెళ్లగానే పెడల్ విప్పాడు. వెనకాల దొంతరగా ఉన్న రబ్బరు బిళ్ళలకి కుట్టుమిషన్ నూనె శుభ్రంగా పట్టించి, మళ్లీ బిగించాడు. కీచు పోయింది. వారమంతా మీసం చాటున నవ్వుకుంటూ తిరిగాడు.

కుక్క పని గాడిద చేస్తే ఏమవుతుందో శనివారం పొద్దున తేలింది. ఆ బ్రేకు, కాలు ఎంత బలంగా తొక్కిందో కొలుస్తుంది. ఆ బలానికి ఎదురు నిలవాల్సినవి ఆ బిళ్ళలే. నూనె తాగి అవి ఉబ్బి, మెత్తబడిపోయాయి.

"మొన్నటిదాకా ఆగిన మలుపులోనే కారు ఆగట్లేదు," అంది కోడలు, టిఫిన్ దగ్గర. "రేపు నాలుగింటికి ఆఖరి రేసు. మొదటి పదిమందిలో రాకపోతే మా జట్టు కింది తరగతికి పోతుంది. బిళ్ళలు ఉబ్బిపోయాయి. కొత్తవి రావడానికి పది రోజులట."

"ఆ గదిలో ఏదో నూనె వాసన," అంది అత్తగారు.

"నేనసలు ఆ గదిలోకే వెళ్లలేదు," అన్నాడు మామగారు. వెళ్లారా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే.

అత్తగారు ఆయన చొక్కా జేబు మీది నూనె మరకను చూసి, ఇంకో అట్టు వేసింది.

కోడలు ఫోన్ తీసి, పెడళ్లు చేసిన కంపెనీకి రాస్తూ పైకి చదివింది. "రబ్బరు నాసిరకం. ఆరు నెలలు కూడా ఆగలేదు. ఇవి ఎవరూ కొనకండి."

నోరు మూసుకుంటే సరిపోయేది. తప్పు కంపెనీ మీదికి పోయేది, ఈయన పరువు దక్కేది. కానీ గోటికి తగలని ఆ అతుకు గుర్తొచ్చింది. ముక్కూమొహం తెలియని పనివాడొకడు తన నూనె వల్ల మాట పడబోతున్నాడు. అది ఆయన వల్ల కాలేదు. నిజం చెబితే ఈ పిల్ల ఇంక జన్మలో ఏ పనీ చెప్పదు. అదీ తెలుసు.

"అమ్మాయ్, అది పంపకు. వస్తువు మంచిదే. పాడుచేసింది నేను."

కోడలు రాసినదంతా చెరిపేసి ఫోన్ పక్కన పెట్టింది. "ఒక్క మాట అడగాల్సింది మామయ్యగారూ," అంది. ఆమె గొంతులో కోపం ఉంది. ఆయన తల దించుకున్నాడు.

"ఇంట్లో నూనెకి చెడని రబ్బరు ఏదైనా ఉందా?" అంది తర్వాత.

ఉంది. అత్తగారి పెద్ద కుట్టుమిషన్ కింద మెత్తలుగా ఉంది. ఆయన వాటిని ఊడబీకి బిళ్ళలుగా కోశాడు. ఆ సాయంత్రమూ ఆదివారం పొద్దునా ఆయన బల్ల కింద, ఆమె కుర్చీలో. "తొక్కు." "రాయిలా ఉంది." ఒక బిళ్ళ పలచన చేశాడు. "ఇప్పుడు?" "ఇంకొంచెం." పదకొండోసారికి ఆమె "ఆఁ, ఇదే" అంది.

నాలుగింటి రేసులో అందరూ తెర చూస్తే ఆయన ఆమె కుడికాలి వెనక బిళ్ళలే చూశాడు. అవి నలిగాయి, లేచాయి, చివరిదాకా నిలిచాయి. తొమ్మిదో స్థానం. అత్తగారు చప్పట్లు కొట్టి, "ఇంక నా మిషన్ తొక్కితే ఇల్లంతా దడదడలాడుతుంది, దాని సంగతి చూడండి," అంది.

కోడలు మళ్లీ కంపెనీకి రాసింది, ఈసారి జరిగింది చెప్పి, కొత్త బిళ్ళల కోసం. వాళ్లు తిరిగి ఒక ప్రశ్న పంపారు. పెడల్ విప్పిన మనిషికి ఈ పనిలో అనుభవం ఉందా అని. మామగారు ఆమె భుజం మీంచి తొంగిచూసి, "లేదని రాసెయ్యమ్మా, నిజమే కదా," అన్నాడు.

ఆమె అప్పటికే టైపు చేసేసింది. "నలభై ఏళ్లు. ఒక్కసారే తప్పారు. ఇకమీదటా ఆయనే విప్పుతారు."

ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడవబోయి, జేబు మీది నూనె మరక కనబడి ఆగాడు.