సగం కలిసే మూలుగ

మూసీ పొంగి, రామన్నపేట బస్సు వేరే దారిన చుట్టు తిరిగి వచ్చిన ఏడు అది. వరద తగ్గి నెల దాటినా గొర్ల దొడ్డి ఇంకా బురదగానే ఉంది. స్వర్ణ పెంట ఎత్తుతూ మూలకు వచ్చి ఆగింది. హరిత పుట్టినప్పుడు అత్త రామమ్మ మావినీ బొడ్డుతాడునూ అక్కడే పాతిపెట్టింది. బొడ్డు రక్తంలో మందు ఉంటుందని ఎవరో చెప్పినప్పటి నుంచి ఆ మూల ఊడవడానికి స్వర్ణకు చేతులు రావడం లేదు. బిడ్డ ప్రాణాన్ని తానే మట్టిలో కప్పినట్టు ఉండేది.

హరితకు తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు. నెల తిరిగేలోపు పట్నం దవాఖానకు పోయి ఎక్కించుకు రావాలి.

"మా ఇంట్ల గీ రోగం ఎన్నడన్న ఉన్నదా? నీ అవ్వగారింటి దిక్కుకెళ్లే వచ్చింది," అనేది రామమ్మ. నిజమేనేమో అనుకునేది స్వర్ణ.

ఆ రోజు బిడ్డను తీసుకుని పట్నం పోయింది. తోడు మామ ఎల్లేశం వచ్చాడు. భర్త పరశురాములు మంద వెంట పోయాడు. డాక్టరమ్మను స్వర్ణ మొదట అడిగింది ఆ మూల గురించే.

"ఆ బొడ్డు రక్తం దాచిపెడితే నా బిడ్డ బాగయ్యేదా మేడమ్?"

"లేదమ్మా. పాప రక్తంలో ఉన్న లోపమే అందులోనూ ఉంటుంది. వేరేవాళ్లవి కావాలి."

రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉంటాయట, అవి ఎక్కించాలట. అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డు రక్తంలోవి లేతవి. కొత్త ఒంట్లో తొందరగా కొట్లాట పెట్టుకోవు. కానీ కొన్నే దొరుకుతాయి, కుదురుకోవడానికి ఆలస్యం. ఎముక మూలుగలోవి ఎక్కువ దొరుకుతాయి, తొందరగా కుదురుకుంటాయి. కానీ ఇచ్చేవాళ్లవి బిడ్డవాటితో జత కలవాలి. తోడబుట్టినవాళ్లలో నాలుగింట ఒకరికి పూర్తిగా కలవొచ్చు. తల్లిదైనా తండ్రిదైనా సగమే కలుస్తుంది. అపాయం ఎక్కువే, అయినా ఇప్పుడు చేస్తున్నారు.

"ఇంకోమాట. రోగం మీ ఒక్కరి నుంచే రాలేదు. ఇద్దరి నుంచీ వస్తేనే వస్తుంది," అంది డాక్టరమ్మ. ఎల్లేశం రుమాలు చేతిలో పట్టుకుని వింటూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి, అన్నాలు పెడుతూ స్వర్ణ అంతా చెప్పింది. అందులోంచి రామమ్మ ఒక్కటే ఏరుకుంది.

"ఇంకేంది, ఇంకో కాన్పు కను. పోరి బాగైతది, ఇంటికి కొడుకైతడు."

"కలుస్తదో లేదో ఎవరికెరుక అత్తా? ఆ పుట్టేదానికి గూడ గిదే రోగమొస్తే?"

"వస్తే ఇంకోటి," అన్నాడు పరశురాములు పళ్లెంలోంచి తల ఎత్తకుండానే.

స్వర్ణ అతనికి గంటెతో కూర వడ్డించింది. వద్దనాలని ఉంది. వద్దంటే హరితను వద్దన్నట్టేనా? ఎదురుగా బిడ్డ తెల్లబడిన పెదవులతో మెతుకులు ఏరుకుంటోంది. ఇంకోటి పుడితే తను ముందు దాని మొహం చూస్తుందా, బొడ్డుతాడు చూస్తుందా? కలవకపోతే దాన్ని ఎత్తుకుని పాలివ్వగలదా? ఎటు ఆలోచించినా ఒక బిడ్డకు ద్రోహం చేసినట్టే ఉంది. ఎవరూ తిట్టకముందే తనను తాను తిట్టుకోవడం ఆమెకు ఈ ఇంట్లో అలవాటైపోయింది.

"సగం కలిసే మూలుగ మన దగ్గరనే ఉన్నది," అంది చివరికి. "పొద్దుగాల ఇద్దరం పోయి రక్తం పరీక్షకిచ్చి వద్దాం. ఎవరిది మంచిగుంటదో వాళ్లే చెప్తరు."

"నాదెందుకే? మూలుగ కోసం బొక్కల సూదులు గుచ్చితే మంద వెంట ఎట్ల తిరగాలె? నీది తీయమను. ఇంట్ల ఉండేదానివే గద."

స్వర్ణ తన చేతులు చూసుకుంది. ఎంత కడిగినా పెంట వాసన పోలేదు.

"ఒక్కమాట అడుగుత. మందల పిల్లలు సక్కగ పుట్టకపోతే ముందుగాల ఏం జేస్తవ్?"

"పొట్టేలును మారుస్త," అన్నాడు వెంటనే. మంద సంగతి అడిగితే అతనికి హుషారు.

"మరి మనింట్ల గొర్రెనే ఎందుకు తిడ్తున్రు?"

హరిత కిలకిలా నవ్వింది. "బాపు పొట్టేలు!"

"సూసినవారా, నీ పెండ్లానికి నోరెట్ల లేసిందో!" అని రామమ్మ పళ్లెం తోసేసింది. బిడ్డ ముందు అన్నందుకు స్వర్ణకు తప్పుగానే అనిపించింది. కానీ మాటను వెనక్కి తీసుకోలేదు.

"కంటే బిడ్డ కోసం కంట. మందు కోసం కనను," అంది. ఎల్లేశం చేయి కడుక్కుని లేచాడు.

మోకాళ్లు పట్టేసి ఆయన మంద వెంట పోవడం మానేసి చాలా కాలమైంది. మరునాడు పొద్దున్నే గొంగడి భుజాన వేసుకుని, కొడుకు కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. స్వర్ణ బిడ్డకు జడ వేస్తోంది. పరశురాములు కర్ర కోసం చేయి చాచాడు. ఆయన ఇవ్వలేదు.

"బస్సెక్కు," అన్నాడు. దొడ్డి తడిక తీసి, గొర్లను తోలుకుని కుంటుతూ పోయాడు.