ఆఖరి పట్టు అన్నయ్యదే

మెకానిక్ షెడ్డు ఇద్దరిదీ. తండ్రి పోతూ పోతూ అన్నాచెల్లెళ్ళిద్దరికీ సమానంగా ఇచ్చిపోయాడు, పానా పట్టడం కూడా ఇద్దరికీ ఒకేలా నేర్పాడు. అయినా సరే, బండి బయటికి వెళ్ళేముందు ఆఖరి పట్టు మాత్రం అన్నదే! చెల్లెలు బ్యాటరీ మార్చనీ, సెల్ఫ్ మోటారు విప్పి బిగించనీ, ఆమె చేతులు కడుక్కోవడానికి అటు తిరగ్గానే ఈ మహానుభావుడు పొడవాటి పానా పుచ్చుకుని ప్రతి నట్టునీ మళ్ళీ బిగించేవాడు. అందుకే అందరూ అతన్ని ఉడుం అనేవారు. వెక్కిరింపుగా పెట్టిన పేరుని బిరుదులా మోసుకు తిరిగేవాడు.

చెల్లెలి దగ్గర టార్క్ రెంచ్ ఉంది. ఏ నట్టుకి ఎంత బిగింపు కావాలో బండి తయారుచేసినవాళ్ళే చెప్తారు. ఆ లెక్క రెంచ్ మీద పెట్టి తిప్పితే, సరిపోగానే అది టక్కుమంటుంది. అక్కడితో ఆపెయ్యాలి. బ్యాటరీ టెర్మినల్, అంటే కేబులు బిగించే కొస, సీసంతో చేసింది, మెత్తన; అతిగా బిగిస్తే చిట్లుతుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, అదంటే అన్నకి మరీ చెయ్యి ఊరుకోదు.

"తెగేదాకా లాగకురా బాబూ అని నాన్న మొత్తుకునేవాడు, మర్చిపోయావా?" అని ఆమె ఎన్నిసార్లు పోట్లాడిందో. చివరికి "సరే తల్లీ, ఇక ముట్టుకోను" అన్నాడు. ఆమె నమ్మలేదు. బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్కనున్న లోహం మీదా కలిసేలా పసుప్పచ్చ గోళ్ళరంగుతో ఒక గీత గియ్యడం మొదలెట్టింది. నట్టు కదిలితే గీత విరుగుతుంది.

"నట్లకి గోళ్ళరంగేంటే? రేపు కాటుక కూడా పెడతావా?" అని పడీపడీ నవ్వాడు అన్న.

ఆ నవ్విన నోరే ఇవాళ షెడ్డు ఎగిరిపోయేలా అరుస్తోంది.

టీచరమ్మ కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. మొన్ననే చెల్లెలు కొత్త బ్యాటరీ వేసిన కారు. ఆవిడ తండ్రిని డయాలసిస్‌కి తీసుకెళ్తూ మందుల షాపు దగ్గర ఆపిందట, మళ్ళీ సెల్ఫ్ తీసుకోలేదట. ఆ పెద్దాయన మండుటెండలో కారులోనే కూలబడ్డాడు. ఎవరో పుణ్యాత్ముడు తన బండిలో ఎక్కించుకుని వెళ్ళబట్టి సరిపోయింది.

"మా నాన్నకేమన్నా అయ్యుంటే ఎవరిదండీ బాధ్యత?" అంటోంది టీచరమ్మ.

అన్న బానెట్ అయినా తియ్యలేదు. "ఇంకెవరిదండీ, ఇదిగో, దీనిది! ఆడచెయ్యి కదా, వదులుగా బిగించుంటుంది. ఏమే, ఇవాళ్టినుంచి నువ్వు పానా ముట్టుకోవద్దు. వెళ్ళి కౌంటర్లో కూర్చుని ఫోన్లు ఎత్తుకో. అక్కడున్న మీ వదిన ఇంటికెళ్తుంది."

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. చూడకుండానే తీర్పా? తండ్రి నేర్పిన పని, ఇన్నేళ్ళూ చేతులు కాయలు కాసిన పని, ఒక్క మాటతో లాగేసుకోవడమే! ఇదెక్కడి న్యాయం? ఆమె నేరుగా వెళ్ళి బానెట్ ఎత్తింది. టెర్మినల్ మొదలంటా చిట్లి, కేబులుతో పాటు పైకి లేచొచ్చింది. నట్టు మాత్రం దాని చోట బిర్రబిగుసుకుని ఉంది.

"వదులైతే ఊడాలి కదండీ, చిట్లడమేంటి?" అంది టీచరమ్మ వంగి చూస్తూ. "ఈ పసుప్పచ్చ గీతలేంటమ్మా?"

"నేను బిగించినప్పుడు ఇవి రెండూ ఒకే గీత టీచరమ్మగారూ." నట్టు మీది ముక్క ఒకవైపు, పక్క లోహం మీది ముక్క ఇంకోవైపు ఉన్నాయి. "నా తర్వాత ఎవరు తిప్పారు అన్నయ్యా?"

"ఎవరేంటే? నేనే తిప్పా!" ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు. "నేనో పట్టు పట్టబట్టే ఆ రెండ్రోజులన్నా నడిచింది. ఈ షెడ్డులోంచి వెళ్ళే ఏ బండైనా నా చెయ్యి పడకుండా..."

సగంలో ఆగిపోయాడు. టీచరమ్మ అతన్నే చూస్తోంది. కౌంటర్లోంచి వదిన లేచి వచ్చింది.

"ముట్టుకోనని నాకూ ఒట్టేశారు కదండీ," అంది వదిన. "మరి మిగతా బళ్ళ సంగతేంటి?"

అప్పుడు వచ్చింది చెల్లెలికి అసలు కోపం. తనని అన్న మాట అలా ఉంచి, ఎంతమంది రోడ్డు మీద నమ్మకంగా తిరుగుతున్నారో! వాళ్ళ బళ్ళలో ఎన్ని టెర్మినళ్ళు చిట్లడానికి సిద్ధంగా ఉన్నాయో! అన్న చేతిలోని పొడవాటి పానా లాక్కుని బల్ల కింద పడేసింది.

"కౌంటర్లో కూర్చునేది నేను కాదు, నువ్వు. బ్యాటరీ పని చేసిన ప్రతివాళ్ళకీ ఫోన్ చేసి పిలువు. ఒక్కొక్కటీ నేను చూస్తాను."

ఉడుం వెళ్ళి భార్య కుర్చీలో ఒదిగి కూర్చుని ఫోన్ ఎత్తాడు.

"హలో, నమస్కారమండీ... ఏం లేదు, చిన్న చెకింగ్. ఒకసారి బండి తెస్తే..."

చెల్లెలు టార్క్ రెంచ్ చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడింది. "సరిగ్గా చెప్పు."

అతను మళ్ళీ ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అదేనండీ... మా చెల్లెలు సరిగ్గానే బిగించింది. పాడుచేసింది నేను."