గీతకు ఒక సూత్ లోపల

కువైట్ నుంచి వచ్చేవాళ్లు టేప్‌రికార్డర్లు తెచ్చారు, సెంటు బుడ్లు తెచ్చారు, పూల దుప్పట్లు తెచ్చారు. నేను ఒక రంపమూ రెండు పట్టాలూ తెచ్చాను. బొంబాయిలో దిగగానే కస్టమ్స్ ఆయన పట్టాల మూట చూసి, ఇవేం తుపాకీ గొట్టాలా అని పక్కన నిలబెట్టాడు. వడ్రంగినని చెప్తే నమ్మలేదు. నాకు ఒళ్లు మండి, అక్కడే నేల మీద మూట విప్పి, రెండు పట్టాలూ జోడించి, రంపాన్ని వాటి మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు తోసి చూపించాను. వెనక వరసలో ఉన్నవాళ్లంతా మెడలు చాచి చూశారు. చూడనీ. పనిముట్టు చూపించడానికి వడ్రంగికి సిగ్గెందుకు?

అది కరెంటుతో తిరిగే గుండ్రటి రంపం, చేత్తో పట్టుకుని నడిపేది. దాని అడుగున ఒక గాడి ఉంటుంది. అల్యూమినియం పట్టా మీద సన్నటి గట్టు ఉంటుంది. గాడి ఆ గట్టు మీద కూర్చుందంటే రంపం ఇటూ అటూ జరగదు, పట్టా ఎటు పోతే అటే పోతుంది. పట్టా అంచుకు రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరును గీత మీద పెడితే కోత సరిగ్గా గీత మీదే పడుతుంది. కువైట్‌లో మూడేళ్లు కంపెనీ రంపంతో కోశాను. తిరిగి వచ్చేముందు సొంతానికి ఒకటి కొనడానికి దుకాణానికి పోతే, అక్కడి మలయాళీ "రంపం ఒక్కటి తీసుకుపో, పట్టాలు ఎక్కడ మోస్తావ్" అన్నాడు. పట్టాలు లేకుంటే రంపమే వద్దని బయటకు నడిచాను. వీధి మలుపు దాకా వచ్చి పిలుచుకుపోయాడు.

ఇంటికొచ్చి మూట విప్పగానే నా భార్య రాహేలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పక్కింటి కమల మొగుడు పాటల డబ్బా తెచ్చిండు. నువ్వు రైలు పట్టాలు తెచ్చినవ్. ఏందయ్యా, యాకుత్‌పురా స్టేషన్‌ల లేవా పట్టాలు?"

అట్లా అన్నదే, మర్నాడు పాత బొంతను చింపి ఆ పట్టాలకు గలేబు కుట్టింది. చూడటానికి వచ్చిన వాళ్లెవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

ఇంత మోసుకొచ్చింది ఎందుకో ఇప్పుడు చెప్తాను. నాకు అజ్మత్ అలీ ఉస్తాద్ నోట ఒక మంచి మాట కావాలి. అంతే. యాకుత్‌పురా స్టేషన్ వెనక ఆయన కార్ఖానాలో పదహారేళ్లకు చేరాను. కువైట్ పోయేదాకా పదకొండేళ్లు పనిచేశాను. ఆ పదకొండేళ్లలో ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు, ఒక్కసారి కూడా బాగుంది అనలేదు. కోసిన చెక్కను చేతికిస్తే అంచు మీద బొటనవేలి గోరుతో గీరేవాడు. తర్వాత పక్కనున్న రందా, అదే చిత్రిక, తీసి, ఆ అంచును నునుపు చేసి, నా పనిని తన పనిగా మార్చేసేవాడు.

నా సంగతి కూడా దాచుకోను. తప్పు నాదని నేను ఎన్నడూ ఒప్పుకున్నవాణ్ణి కాను. రంపం పళ్లు మొండివనో, చెక్కలో ముడి ఉందనో, వెలుతురుకు వైకుంఠం అడ్డం నిలబడ్డాడనో ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. వైకుంఠం నాతోపాటు పని నేర్చుకున్నవాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటది సీమోన్‌గాని కథ" అని నవ్వేవాడు.

ఉస్తాద్ కార్ఖానాకు ఒక పద్ధతి ఉంది. గీత ఆయనే గీయాలి, కోత మేం కోయాలి. ఆయన గీసే గీత అసలు కొలతకు ఎప్పుడూ ఒక సూత్ బయటకు ఉంటుంది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చేతి రంపం ఎంత జాగ్రత్తగా పట్టినా కాస్త వంకర పోతుంది కనుక, ఆ సూత్ రందాకు వదిలిన భాగం. ఇది నలభై ఏళ్ల నాటి లెక్క. అందుకే ఆయన గీత మీద మళ్లీ టేపు పెట్టి ఎవరూ కొలిచేవారు కాదు. కొలిస్తే ఉస్తాద్‌ను అనుమానించినట్టు.

నేను వచ్చేసరికి కార్ఖానాలో చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణం పెట్టుకున్న నజీర్ సేఠ్ అల్మారా పని నడుస్తోంది. ఏడడుగుల ఎత్తు, రెండు తలుపులు. చట్రం ఉస్తాద్ తన చేత్తోనే బిగించి పెట్టాడు. తలుపులకు టేకు పొర అంటించిన ప్లైవుడ్ రెండే రెండు షీట్లు బొంబాయి నుంచి వచ్చాయి. అదే రంగు, అదే జీర ఉన్నది ఊళ్లో మళ్లీ దొరకదు. చేతి రంపంతో కోస్తే ఆ పొర అంచు పొడుగునా పెచ్చులు లేస్తుంది. ఉస్తాద్ వారం నుంచి ఆ షీట్లను ముట్టుకోలేదని వైకుంఠం చెప్పాడు. నా గుండె ఎగిరి గంతేసింది.

రంపం తీసుకుపోయి సాయంత్రం ఒక పాత ప్లైవుడ్ ముక్క మీద కోసి చూపించాను. స్విచ్చి వేయగానే కార్ఖానాలో బల్బు ఒక్కసారి మసకబారింది. వైకుంఠం రెండు చెవులూ మూసుకుని "రైలు బయల్దేరింది!" అని అరిచాడు. కోత నీళ్లలో గీత గీసినంత సులువుగా నడిచింది. ఉస్తాద్ రెండు ముక్కలూ తీసుకుని బయటకు పోయాడు. కాసేపటికి వచ్చి వాటిని బల్ల మీద పెట్టి, నమాజుకు వెళ్లిపోయాడు.

ఇంటికి పోయి కంచం ముందు ఊరికే కూర్చున్నాను.

"ముసలాయన మెచ్చకుంటే అన్నం మీద అలుగుతరా?" అంది రాహేలు. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, తెచ్చిన దినమే ఆయన చప్పట్లు గొట్టాల్నా?"

మర్నాడు పొద్దున ఉస్తాద్ మొదటి షీటును రెండు బల్లల మీద పరిపించాడు. మూల సరిచూసే గునియా పెట్టి, రెండు చివర్లా గుర్తులు పెట్టి, పై నుంచి కింద దాకా పెన్సిలుతో గీత గీశాడు. "కొయ్" అన్నాడు. పట్టా ఆయనకు కనిపించేలా గీత మీద పెట్టాను. అంతలో ఎవరో పిలిస్తే గుమ్మం దగ్గరకు వెళ్లాడు.

అప్పుడు నా బుర్రలో పురుగు తొలిచింది. గీత మీద కోస్తే ఏమవుతుంది? ఒక సూత్ మిగులుతుంది. ఆయన రందా అందుకుంటాడు. నా కోత మళ్లీ ఆయన రందా కింద పోతుంది. అదే నేను ఆ సూత్ తీసేసి, అసలు కొలతకే కోసి చేతిలో పెడితే? రందా పట్టడానికి ఏమీ మిగలదు. అప్పుడు నోరు ఎట్లా తెరవడో చూద్దాం అనుకున్నాను. పట్టాను గీతకు ఒక సూత్ లోపలికి జరిపి కోసేశాను.

ఏడడుగుల కోత. మధ్యలో ఒక్క చోట ఆగలేదు, ఒక్క పెచ్చు లేవలేదు. ఆ అంచును చూసి నాకే కళ్లు చెమర్చాయి. నేనూ వైకుంఠమూ తలుపును లేపి చట్రంలో నిలబెట్టాం. ఉస్తాద్ వచ్చాడు. చట్రం నడుమన తలుపు అంచు ఆగాల్సిన చోట గుర్తు ఉంది. మా తలుపు అక్కడికి అందలేదు. పై నుంచి కింద దాకా ఒక సూత్ తక్కువ.

ఉస్తాద్ టేపు తీసి కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"గీత మీద కొయ్యలేదారా?"

"సూత్ లోపలికి కోసిన ఉస్తాద్. మీ గీతల రందాకు సూత్ ఉంటది గదా. గది తీసేసిన."

"ఈసారి సూత్ పెట్టలే."

నాకు అర్థం కాలేదు. పదకొండేళ్లలో సూత్ పెట్టని గీత నేను చూడలేదు. అదే అన్నాను.

"నిన్న నీ ముక్కలు రెండు జోడిచ్చి సూర్యుని దిక్కు పట్టిన," అన్నాడు ఆయన, టేపు చుట్టుకుంటూ. "నడుమ ఎలుగు రాలే, మియా. గసుంటి కోతకు రందా ఎందుకు? నా ఉస్తాద్‌కు గూడ సూత్ ఇడువకుండ గీసియ్యలే నేను. నీకే గీసిన."

ఆ మాట విని నాకు చెప్పలేనంత సిగ్గేసింది. చెప్పలేనంత గర్వం కూడా వేసింది. నాకు కావలసిన మంచి మాట ఆయన ఆ షీటు మీద ఏడడుగుల పొడుగున రాసి ఇచ్చాడు, నేను దాన్ని పక్కన పెట్టి కోశాను. రంపం మీద నెట్టడానికి లేదు, చెక్క మీద నెట్టడానికి లేదు. వైకుంఠం కూడా ఆ పూట వెలుతురుకు అడ్డం నిలబడలేదు.

ఉస్తాద్ నన్ను తిట్టలేదు. సన్నటి టేకు పట్టీ తీసి, రందా పట్టి, ఆ అంచుకు జిగురుతో అంటించాడు. రెండో షీటు పరిపించి గీత గీశాడు. ఈసారి రబ్బరును వెంట్రుక వాసి తేడా లేకుండా ఆ గీత మీద పెట్టి కోశాను. తలుపు చట్రంలో కూర్చుంది. ఆయన రందా వైపు చూడనే లేదు.

శనివారం నజీర్ సేఠ్ వచ్చాడు. తలుపులు తెరిచి మూసి, చెయ్యి వేసి నిమిరి, మొదటి తలుపు అంచు దగ్గర ఆగాడు.

"అచ్ఛా ఉంది. గనీ ఈ పట్టీ ఏంది, ఉస్తాద్? ఒక్క తలుపుకే ఉంది?"

ఉస్తాద్ నా వైపు చూడకుండా, "మజ్బూతీ కోసం, అంచు గట్టిగుండాలని..." అని మొదలుపెట్టాడు.

నేను అడ్డం పడ్డాను. "మజ్బూతీ కాదు సేఠ్. తప్పు నాది. ఉస్తాద్ ఉన్నదున్నట్టు కొలతకే గీసిండు. రందాకు సూత్ గూడ ఇడువలే. నా కోత జూసి, నా మీద నమ్మకంతోటి గట్ల గీసిండు. నేనే ఎర్రితనంతోటి సూత్ లోపలికి కోసిన."

వైకుంఠం చేతిలో సుత్తి అట్లాగే ఆగిపోయింది. ఉస్తాద్ గడ్డం సర్దుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. నజీర్ సేఠ్ నన్ను ఎగాదిగా చూశాడు.

"మాల్ ఖరాబ్ జేసి ఇంత నవ్వుకుంట జెప్తవేందిరా? ఏమైంది, మళ్లొక్కసారి జెప్పు."

చెప్పాను. మొదటి నుంచి, ఈసారి వీధిలోకి వినపడేటట్టు.