చిన్నత్తయ్య డాబా మీది రౌటరు

కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం కోడలికి బాగా తెలిసొచ్చింది.

కాలనీకి ఇంటర్నెట్ ఇచ్చేది వాళ్ళే. మొగుడు వైర్లు లాగుతాడు, కోడలు రౌటర్లు చూస్తుంది. పాత కంప్యూటర్లలో లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసి వాటిని తనే తయారుచేసింది. ఒకటి వీళ్ళింట్లో ఉంది. రెండోది వెనకవీధిలో, అత్తగారి చెల్లెలి డాబా గదిలో. రెండూ అస్తమానం ఒకదాన్నొకటి పలకరించుకుంటూ దారులు చెప్పుకుంటాయి. పలకరింపు ఆగిందా, దారీ పోతుంది.

ఆరోజు వెనకవీధిలో ఎవరో అద్దెకున్నాయన సొంత రౌటరు డబ్బా ఒకటి తగిలించాడు. అది ఈ పలకరింపుల్లో దూరి తప్పుడు దారులు చెప్పడం మొదలెట్టింది. కోడలు ఇంట్లో కూర్చునే అవతలి రౌటరుకి రెండు ఆజ్ఞలు ఇవ్వబోయింది. "ఎవరినీ పలకరించకు" అన్నది మొదటిది. "నన్ను తప్ప" అన్నది రెండోది. మొదటిది కొట్టగానే అది బుద్ధిగా మూగనోము పట్టింది. ఇక రెండోది చేరే దారేదీ? వీధంతా నెట్ పోయింది.

మొగుడేమో కాసేపట్లో హాస్టలు యజమానిని అదే వీధికి తెస్తున్నాడు. నెట్ చూసి నచ్చితే హాస్టలుకి కనెక్షను తీసుకుంటానని సంతకం పెడతాడు.

"అత్తయ్యా, చిన్నత్తయ్య డాబా ఎక్కాలి. మీరు రాకపోతే ఆవిడ తలుపు తియ్యదు."

"అదా? నేను కుట్టిన కర్టెన్లను గోనెసంచులన్నది! దాని గడప తొక్కుతావా?"

"హాస్టలు పోతే మీ అబ్బాయి మొహం మీరే చూడాలి మరి."

అత్తగారు గొణుక్కుంటూనే చెప్పులేసుకుంది. గేటు దాకా వెళ్ళి వీపు తిప్పి నిలబడింది. కిటికీలోంచి చెల్లెలు తొంగిచూసింది.

"అమ్మాయ్, మీ అత్తని నోరు తెరిచి అడగమను. తీస్తాను."

"తలుపు తీయడానికి దానికేం రోగమో కనుక్కో!"

కోడలు అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తూ ఉంటే మొగుడి బండి మలుపు తిరిగింది. వెనక సీట్లో హాస్టలు యజమాని.

అత్తగారు కొడుకుని చూసింది. గిర్రున తిరిగింది. "గోనెసంచులేనే తల్లీ! వాటిలో బియ్యం పోసుకో! తలుపు తియ్యి!"

గడియ టక్కున తెరుచుకుంది. కోడలు రెండేసి మెట్లు ఎక్కి, కీబోర్డు నేరుగా ఆ రౌటరుకే తగిలించి మిగిలిన ఆజ్ఞ కొట్టింది. క్షణాల్లో రెండు రౌటర్లూ పలకరించుకున్నాయి.

దిగొచ్చేసరికి యజమాని ఫోను చూసుకుంటున్నాడు. "ఇప్పుడే వచ్చింది. ఇందాకటి దాకా లేదే?"

కోడలు "తప్పు నాదేనండీ" అనబోయింది.

"మా పాత కంపెనీవాడు ఎన్నిసార్లు మొత్తుకున్నా ఒక్క మనిషిని పంపలేదు," అన్నాడు యజమాని, గేటు దగ్గర ఆయాసపడుతున్న అత్తగారిని చూస్తూ. "మీరు పెద్దావిడతో సహా పరుగెత్తుకొచ్చారు. కాగితం ఇవ్వండి."

అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుంది. "ఎప్పుడు పోయినా ఇలాగే వస్తాం బాబూ," అంది.

ప్రతిసారీ ఈ అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు మోయాలన్నమాట, అనుకుంది కోడలు.